అమ్మ ఆర్కిడ్‌ని ముగ్గురికి పంచేదెలా?

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై ఆరు. పోయిన మాఘంలో వాళ్ళమ్మగారు కాలం చేశారు. బంగారం, రెండెకరాల పొలం, బ్యాంకు డిపాజిట్లు నెల తిరక్కుండా మాటామాటా అనుకోకుండా పంచేసుకున్నారు. పేచీ వచ్చిందల్లా ఒక పూలకుండీ దగ్గరే.

పెరట్లో సపోటా చెట్టు కొమ్మకి వేలాడే మట్టికుండీ అది. అందులో ఊదారంగు డెండ్రోబియం ఆర్కిడ్. కుండీ చుట్టూ అమ్మగారు తెల్ల పెయింటుతో సన్నటి ముగ్గు వేశారు. పాత పౌడరు డబ్బాలోంచి కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిల్‌తో ‘కడియం, 2009 శ్రావణం’ అని రాసి అంచున గుచ్చారు. ఏడాదికి రెండుసార్లు పూస్తుందట. ఇప్పుడు అందులో పద్నాలుగు కాడలున్నాయి. తొమ్మిదింటికి ఆకులున్నాయి, ఐదు మోడుగా ఉన్నాయి. రెండు పక్కల కొత్త పిలకలు వస్తున్నాయి. ఒక మోడు కాడ పైకణుపు దగ్గర చిన్న మొక్క పుట్టి, దానికి అంగుళం పొడవున రెండు వేళ్ళు దిగాయి. ఇంకో కాడ మీద పూలు రాలాక ఒక ఆకుపచ్చ కాయ నిలబడింది. కుండీలో కొబ్బరి పీచు మార్చి ఆరేళ్ళయింది.

అన్నయ్యది హైదరాబాద్, తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. ‘అత్తయ్యగారు ఆ మొక్క నాకే ఇస్తానని ఫోన్‌లో అన్నారు’ అని వదిన మాట. అమ్మ మంచాన పడిన నాలుగు నెలల్లో వదిన వచ్చింది రెండే రెండుసార్లు అన్న సంగతి ఉత్తరంలో రెండుచోట్ల ఉంది. చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. ‘నాకూ ఒక ముక్క కావాలక్కా, సూట్‌కేసులో పెట్టుకుపోతాను’ అంటోంది. వచ్చే మాఘంలో సంవత్సరీకానికి అందరూ కలుస్తారు. ‘అప్పటికి మూడు ముక్కలు చేసి ఉంచు, తలా ఒకటి’ అని అన్నయ్య తేల్చేశాడు.

ఈవిడకి ఒక చేదు అనుభవం ఉంది. మూడేళ్ళ కిందట ఒక ఫాలెనాప్సిస్ ఆర్కిడ్ కొని, ఒకటి రెండవుతుందని మధ్యకి కోసి, పై సగాన్ని మట్టిలో నాటారు. పది రోజుల్లో రెండు సగాలూ కుళ్ళిపోయాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో, కణుపుల దగ్గర పిల్లమొక్కలు రప్పించే ‘కేకీ పేస్టు’ అనే చిన్న డబ్బా తెప్పించి, మూత తియ్యడానికి ధైర్యం చాలక ఫ్రిజ్‌లో పెట్టారు. వాళ్ళాయన సలహా వేరు: ‘కడియం నర్సరీలకి వెళ్ళి అదే రంగువి రెండు కొనుక్కొచ్చి, అమ్మ మొక్కవే అని ఇచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?’

‘ఇది చచ్చిపోతే అమ్మ రెండోసారి పోయినట్టే. ముట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి. ఇవ్వనంటే స్వార్థం అంటారు. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఇదే టెన్షన్. ఏం చెయ్యమంటారు?’ అని ముగించారు.

సమాధానం:

ముందు మీ భయం సంగతి చూద్దాం. చెయ్యి పెట్టకుండా ఉంటే మొక్క క్షేమంగా ఉంటుందని మీరు అనుకుంటున్నారు. ఉండదు. ఆరేళ్ళ కిందటి కొబ్బరి పీచు ఈపాటికి పీచులా ఉండదు, తడిసిన కాఫీపొడిలా అయిపోయుంటుంది. ఆర్కిడ్ వేళ్ళకి నీళ్ళెంత అవసరమో గాలి అంతకంటే ఎక్కువ అవసరం. అడవిలో ఇది చెట్టు బెరడుని పట్టుకుని బతుకుతుంది. వాన పడితే తడుస్తుంది, గంటకల్లా ఆరిపోతుంది. మన పల్లెల్లో చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేస్తారు గాని, ఆర్కిడ్ చెట్టు రసం పీల్చదు, ఆ కొమ్మ మీద అద్దె లేకుండా కాపురం ఉంటుంది, అంతే. అలాంటి వేళ్ళు బురదలాంటి పీచులో ఊపిరాడక కుళ్ళుతాయి. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, కాడల్లో నిల్వ ఉన్న తిండితో కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అన్నయ్య అడిగినా అడక్కపోయినా, వచ్చే వానాకాలంలోపు ఈ కుండీలో మీరు చెయ్యి పెట్టక తప్పదు.

మూడేళ్ళ కిందట చచ్చిపోయిన ఫాలెనాప్సిస్ మీ చేతి దోషం అనుకోకండి. రెంటినీ ఆర్కిడ్ అనే అంటాం గాని వాటి కట్టుబడి వేరు. ఫాలెనాప్సిస్‌కి తాటిచెట్టులాగా ఒకటే మొవ్వు, పైకే పెరుగుతుంది. దాన్ని మధ్యకి కోస్తే పై సగానికి సొంత వేళ్ళు ఉంటేనే బతికే అవకాశం, అదీ మట్టిలో కాదు. డెండ్రోబియం అలా కాదు, ఇది పసుపు దుబ్బు లాంటిది. కుండీ పైభాగంలో కాడలన్నిటినీ కలుపుతూ అడ్డంగా ఒక కొమ్ము పాకుతుంది. ఏటేటా ఆ కొమ్ము కొసన కొత్త పిలక లేస్తుంది, అది కాడ అవుతుంది, పూస్తుంది, ఆకులు రాలుస్తుంది, మోడు అవుతుంది. మోడు అంటే చచ్చినట్టు కాదు. నిగనిగలాడుతూ గట్టిగా ఉన్న మోడు కాడ అంటే గాదె. ముందు కాడలకి తిండి దాన్నుంచే వెళ్తుంది, ఒక్కోసారి దాని కొసనే మళ్ళీ పూలగుత్తి కూడా వేస్తుంది. శుభ్రం చేస్తున్నాననుకుని మోళ్ళు కోసేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ పద్నాలుగు కాడల లెక్క ఇక్కడే తేడా కొడుతుంది. పద్నాలుగుని మూడుతో భాగిస్తే ఐదు, ఐదు, నాలుగు అని అన్నయ్యగారి లెక్క. మొక్కకి ఆ లెక్క తెలియదు. కొత్త పిలకలు రెండు పక్కలే వస్తున్నాయని రాశారు, అంటే ముందుకు సాగే కొసలు రెండే. నాలుగైదు కాడలతో, సొంత పిలకతో ఉన్న ముక్క కొత్త కుండీలో నిలదొక్కుకుని ఏడాదిలో పూస్తుందని ఆశించవచ్చు. అలాంటివి మీకు రెండు వస్తాయి. మూడోది వెనక మిగిలే పాత కాడల గుంపు. దానికి పిలక లేదు, అడుగున నిద్రపోతున్న కన్నులు ఉంటాయి. చెరకు కన్నులాంటివే. అవి లేస్తే మొక్క, లేవకపోతే కట్టె. మూడు వాటాలు సమానం కావు. ఈ సంగతి మాఘానికి ముందే అన్నయ్యగారికి చెప్పండి.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది అన్నయ్యగారు చెప్పినట్టు ఇప్పుడే మూడుగా కోసి, వేరువేరు కుండీల్లో పెట్టి, మాఘంలో చేతికివ్వడం. అందరి మాటా నెగ్గుతుంది. కానీ చలికాలంలో మొక్క మందకొడిగా ఉంటుంది, తెగిన వేళ్ళకి బదులు కొత్తవి వెంటనే రావు. ఆ స్థితిలో ఒక వాటా రాత్రి బస్సెక్కి హైదరాబాద్ చలిలోకి, పొడిగాలిలోకి వెళ్తుంది. బతకొచ్చు. పందెం కాయమంటే నేను కాయను. ఒకప్పుడు నేను పన్నెండు కాడల దుబ్బుని ఆరు ముక్కలు చేసి అందరికీ పంచిపెట్టాలని సరదాపడ్డాను. జంట కాడల ముక్కలు ఆరు. నాలుగు ఎండిపోయాయి, మిగిలిన రెండూ మూడేళ్ళు పువ్వు మొహం చూపించలేదు. ఇచ్చిన ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా ‘మీ మొక్క ఏంటండీ ఇలా ఉంది’ అనే పలకరింపు.

రెండోది అసలు కొయ్యకపోవడం. పీచు మార్చి, ఒకే మొక్కగా మీ దగ్గరే ఉంచుకోవడం. మొక్క వరకు ఇది అన్నిటికంటే భద్రం. మీరు పదిహేనేళ్ళుగా అమ్మ పక్కన ఉండి దాన్ని చూసినవారు, ఆ హక్కు మీకు లేదని ఎవరూ అనలేరు. కాకపోతే ఆ కుండీ వేలాడినన్నాళ్ళూ వదిన వచ్చినప్పుడల్లా దాని మీద కన్ను పడుతుంది, మీ మనసు చివుక్కుమంటుంది. ఆ ఖర్చు మీకు సమ్మతమైతే కొయ్యకండి.

మూడోది పాత తోటమాలుల పద్ధతి, నాకు నచ్చింది. కోస్తారు, కానీ విడదీయరు. ఆస్తి పంపకాలు రాసుకుని కూడా పెళ్ళిళ్ళయ్యేదాకా ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల్లాగా. కుండీలోంచి మొక్కని తియ్యకుండానే కాడల మధ్య ఉన్న కొమ్ముని మాత్రం కోసి, అలాగే వదిలేస్తారు. వేళ్ళు కదలవు కాబట్టి మొక్కకి పెద్ద దెబ్బ తగలదు. ముందు కాడల నుంచి తెగిపోయిన వెనక గుంపు, ఇక తన బతుకు తాను చూసుకోవాలి కనక నిద్రపోతున్న కన్నుని లేపుతుంది. రెండు నెలలకో నాలుగు నెలలకో అడుగున ఆకుపచ్చ మొటిమలాంటిది కనిపిస్తుంది. మూడు వాటాలూ విడిగా బతకగలవని తేలాకే విడదీస్తారు. తేలకపోతే పిలకలున్న ఆ రెండే విడదీసి, పాతదాన్ని అమ్మగారి కుండీలోనే ఉంచుతారు.

ఎలా చెయ్యాలో చెప్తాను. కార్తీకంలో తుపానుల ముసురు తగ్గాక, పొడిగా ఉన్న రోజు చూసుకోండి. అంతకు ముందు రెండు రోజులు నీళ్ళు పొయ్యకండి. కుండీని కిందికి దించి బల్ల మీద పెట్టుకోండి. కాడల మొదళ్ళ దగ్గర కుళ్ళిన పీచుని వేళ్ళతో మెల్లగా గీకి, అంగుళం లోతు వరకు తీసెయ్యండి. అల్లం కొమ్ములా గోధుమరంగులో, కాడ నుంచి కాడకి వెళ్ళే కొమ్ము కనబడుతుంది. రెండు కొత్త పిలకల వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ప్రతి పిలక వెంట కనీసం నాలుగు కాడలు ఉండాలి. ఎక్కడ కొయ్యాలో అక్కడ ఎర్రదారం కట్టి, ఒక పూట అలాగే వదిలేసి మళ్ళీ చూడండి. తొందరలో వేసిన గుర్తు సాయంత్రానికి తప్పుగా కనిపించడం మామూలే.

కత్తెర సన్నటి ముక్కు ఉన్నదై ఉండాలి. స్టవ్ మంట మీద కాల్చి చల్లారనిచ్చి, ఒక కోత కొయ్యండి. రెండో కోతకి ముందు మళ్ళీ కాల్చండి. ఆర్కిడ్లకి కొన్ని వైరస్‌లు కత్తెర ద్వారానే అంటుకుంటాయి, వాటికి మందు లేదు. కోసినచోట వంటింట్లో ఉండే దాల్చినచెక్క పొడి చిటికెడు అద్దండి, బూజు పట్టదు. వేళ్ళ మీద మాత్రం పడనివ్వకండి, అది వేరుని ఎండబెట్టేస్తుంది. వారం రోజులు నీళ్ళు వద్దు, పొద్దున్నే ఆకుల మీద కొంచెం తుంపర చాలు. కుండీని వాన తగలని చోటికి మార్చండి.

కోతకి ముందే, ఆ గీకినప్పుడు వేళ్ళు కూడా చూడండి. వేరు బయట తెల్లగా, నొక్కితే గట్టిగా ఉండి, తడిపితే ఆకుపచ్చగా మారిందంటే బతికున్నట్టు. గోధుమరంగులో మెత్తగా ఉండి, లాగితే తొడుగు ఊడివచ్చి మధ్యలో దారం మిగిలిందంటే పోయినట్టు. ఎక్కువ వేళ్ళు అలాగే ఉంటే పైన చెప్పిన ఓపిక పద్ధతి పనికిరాదు. చలికాలమైనా సరే వెంటనే మొక్కని బయటికి తీసి, కుళ్ళినవి కత్తిరించి, కొత్త పీచులో పెట్టాలి. అప్పుడు కోతలు వద్దు. ముందు మొక్క తేరుకోవాలి, పంపకాలు మరుసటేడు. ఆ మాట అన్నయ్యగారికి ఫోటో తీసి పంపి చెప్పండి, మాటలకంటే తేలిగ్గా అర్థమవుతుంది.

వేళ్ళు బాగుంటే మాఘంలో అందరూ వచ్చేసరికి ఒకే కుండీ ఉంటుంది, అందులో మూడు వాటాలకి మూడు రంగుల దారాలు. ఎవరిది ఏదో అప్పుడు చూపించండి. విడదీయడానికి తిథి వార నక్షత్రాలు చూడక్కర్లేదు. కొత్త పిలక రెండు మూడంగుళాలు లేచి, దాని అడుగున ముల్లుమొనలా తెల్లటి వేళ్ళు తొంగిచూస్తున్నప్పుడే కదపాలి. అది ఉగాది తర్వాత కావచ్చు, తొలకరి దగ్గర కావచ్చు. ఆ వేళ్ళు రెండంగుళాలు సాగనిస్తే తీసేటప్పుడు విరుగుతాయి.

కుండీ సంగతి మీరు ప్రత్యేకంగా అడగలేదు గాని, ముగ్గు గురించి రాశారు కాబట్టి చెప్తున్నాను. పదిహేనేళ్ళ ఆర్కిడ్ వేళ్ళు మట్టికుండీ గోడకి బంక పెట్టినట్టు అతుక్కుని ఉంటాయి. కుండీని అరగంట నీళ్ళలో ముంచితే అవి కొంచెం మెత్తబడతాయి. అప్పుడు చాకు వెనకవైపుతో గోడ వెంబడి మెల్లగా గీకుతూ విడిపించుకురావచ్చు. కొన్ని వేళ్ళు తెగుతాయి, ఫరవాలేదు. అలా రాకపోతే కుండీ పగలగొట్టాలి. కుండీ పగలడమంటే మీ మనసుకి ఎలా ఉంటుందో ఊహించగలను, పోయిన మాఘంలోనే శ్మశానం దగ్గర ఒక కుండ పగలడం చూశారు. కానీ పెంకులు పారెయ్యకండి. వేళ్ళు అతుక్కున్న పెంకుల్ని అలాగే వేళ్ళతో సహా కొత్త కుండీల్లో పెట్టొచ్చు, మొక్క సంతోషిస్తుంది. మిగతా పెంకులు నీళ్ళు జారడానికి అడుగున వేస్తాం కదా, మూడు కుండీల్లోనూ ముగ్గున్నవి తలా కాసిని వెయ్యండి.

కొత్త కుండీలు చిన్నవిగా ఉండాలి. చుట్టూ ఇంకో రెండు పిలకలు పట్టేంత చోటు చాలు. పెద్ద కుండీ పెడితే లోపల తడి ఆరదు. కొబ్బరి డొక్కలు మీ జిల్లాలో కొననక్కర్లేదు, అంగుళం ముక్కలుగా కొట్టి మూడు నాలుగు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి, అందులో ఉప్పు, కసరు దిగిపోవాలి. సగానికి సగం బొగ్గులు కలపండి. మట్టి చిటికెడు కూడా వద్దు. కాడలు ఊగితే కొత్త వేళ్ళు నిలవవు, పుల్ల కట్టి కదలకుండా చెయ్యండి. అమ్మగారు బియ్యం కడుగు పోసేవారని రాశారు. పొయ్యండి, కాని అప్పటికప్పుడు కడిగినది, మరిన్ని నీళ్ళు కలిపి, వారానికి ఒకసారి. పులిసినది పోస్తే చీమలూ దోమలూ చేరతాయి. పిలకలు ఎదిగే రోజుల్లో లీటరు నీళ్ళకి ఒక గ్రాము 19-19-19 ఎరువు కలిపి వారం వారం ఇస్తే అంతకంటే ఎక్కువ ప్రయోజనం.

ఇక మోడు కాడ మీది చిన్న మొక్క. దాన్నే కేకీ అంటారు. హవాయి భాషలో పసిపిల్ల అని అర్థం. మీ అందరి వాటాల్లోకీ ఇదే తేలికైన వాటా, కోత లేదు, గండం లేదు. ఇప్పుడున్నది అంగుళం వేళ్ళు రెండే కాబట్టి ముట్టుకోకండి. మూడు నాలుగు వేళ్ళు వచ్చి, రెండు మూడంగుళాలు సాగాక, తల్లికాడ ముక్క కొంచెం అంటుకుని ఉండేలా కోసి, అరచేతిలో పట్టేంత కుండీలో పెట్టండి. రెండేళ్ళలోపు పూయవచ్చు. ఒక మాట: పై కణుపుల్లో పువ్వు రావలసిన చోట పిల్లమొక్క వచ్చిందంటే చాలాసార్లు కింద వేళ్ళు ఇబ్బందిపడుతున్నాయని అర్థం. మీ కుండీలో పీచు కుళ్ళిందని నేను అనుకోవడానికి అది రెండో కారణం.

ఫ్రిజ్‌లో పేస్టు అక్కడే ఉండనివ్వండి. అందులో ఉండేది కణుపుల్ని నిద్రలేపే హార్మోను. ముఖ్యంగా ఫాలెనాప్సిస్ పూకాడల మీద పనిచేస్తుంది. బలంగా ఉన్న మొక్క మీద ఒక కణుపుకి అగ్గిపుల్ల తలంత రాస్తే తప్పులేదు. వేళ్ళు సరిగా లేని మొక్క మీద నాలుగు చోట్ల రాస్తే, పాలు లేని తల్లికి నలుగురు పిల్లల్ని అప్పగించినట్టే. అంతగా ప్రయోగం చెయ్యాలనిపిస్తే విడదీసే రోజున ఎలాగూ ఒకటో రెండో మోళ్ళు విరుగుతాయి. వాటిని చెరకు ముచ్చెల్లా మూడేసి కణుపులకి కోసి, తడిపి పిండిన స్పాగ్నమ్ నాచు మీద పడుకోబెట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ స్వీట్ల డబ్బాలో నీడన పెట్టండి. రెండు మూడు నెలల్లో కణుపు దగ్గర పిలక రావచ్చు. రాకపోతే పోయిందేమీ లేదు.

ఆ ఆకుపచ్చ కాయని ఇవాళే తుంచెయ్యండి. దాని మీద మీరు పెట్టుకున్న ఆశ నాకు అర్థమైంది, వేల విత్తనాలు ఉంటాయని చదివారు. నిజమే, ధూళిలా ఉంటాయి. కానీ ఆర్కిడ్ విత్తనంలో పెసరగింజలో ఉన్నట్టు తిండి ఉండదు. అడవిలో ఒక రకం బూజు దానికి తిండి అందిస్తేనే మొలుస్తుంది. 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ సంగతి కనిపెట్టేదాకా తోటమాలులు విత్తనాలు చల్లి, చాలాసార్లు మొలవక తల పట్టుకునేవారు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు అవసరం లేకుండా పంచదార కలిపిన జెల్లీ మీద మొలిపించి చూపాడు. నేటికీ విత్తనాలతో పెంచే పని గాజుబుడ్లలో, క్రిములు చొరబడని చోటే జరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌తో ఇంట్లో ప్రయత్నించే ఓపికమంతులు ఉన్నారు, పువ్వు చూడటానికి వాళ్ళకి ఏళ్ళు పడుతుంది. పైగా మీది సంకరజాతి మొక్క. దాని విత్తనంలోంచి వచ్చేది ఏ రంగు పూస్తుందో చెప్పలేం. అమ్మ మొక్క కావాలంటే దాని ముక్కో కేకీయో కావాలి. అవి పిల్లలు కూడా కాదు, అచ్చంగా అదే మొక్క.

మీవారి సలహా చదివి నవ్వుకున్నాను. అబద్ధమాడమన్నారని మీకు కోపం వచ్చింది గాని, వృక్షశాస్త్రం ఆయన పక్షానే ఉంది. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ ఆర్కిడ్ మొగ్గకొస నుంచి టిష్యూకల్చర్‌లో మొక్కలు పెంచే దారి చూపించాక, ఒక మంచి మొక్కని లక్షలుగా అచ్చు తియ్యడం మొదలైంది. పెళ్ళి స్టేజీల మీద బారులు తీరే ఊదా, తెలుపు డెండ్రోబియంలు అలా వచ్చినవే. 2009లో అమ్మగారు కొన్నదీ అలాంటి రకమే అయితే, దాని అక్కచెల్లెళ్ళు ఇవాళ కడియంలో వేలాడుతూ ఉండవచ్చు. అయినా వదినకి ఇచ్చిన కుండీ చూసినప్పుడల్లా మీకు తెలుస్తూనే ఉంటుంది. ఆయన మాట మరోలా వాడుకోండి. కడియం వెళ్ళి అదే రకం, ఏడెనిమిది కాడలున్నది ఒకటి కొనండి. దాని కుండీలో ముందు కొమ్ము వెతకండి, దారం కట్టండి, కొయ్యండి. మీ చేతుల వణుకు ఆ మొక్క మీద తీర్చుకుని, వారం తర్వాత అమ్మగారి కుండీ దించండి.

చెల్లెలికి మాత్రం కచ్చితంగా చెప్పండి, సూట్‌కేసులో కుదరదు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం, అడవి జంతువులు, మొక్కలు దేశాలు దాటడాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది. మొక్కని దేశం దాటించాలంటే దాని అనుమతి, తెగుళ్ళు లేవనే ధ్రువపత్రం లాంటి కాగితాలు కావాలి. అవి లేకుండా డల్లాస్‌లో దిగితే ఎయిర్‌పోర్టులోనే లాక్కుంటారు. కేకీని ఆమె పేర ఒక కుండీలో మీరే పెంచండి. పూసినప్పుడు వీడియో కాల్ చెయ్యండి. ఆమెకి అది చాలకపోతే కాగితాల తిప్పలు ఆమెనే పడనివ్వండి, అది మీ బాధ్యత కాదు.

హైదరాబాద్ వాటా తొలకరి దాటి, గాలిలో తేమ వచ్చాక పంపండి. తొమ్మిదో అంతస్తులో గాలి వేళ్ళని గంటలో ఆరబెట్టేస్తుంది, వేసవిలో పడమటి ఎండ ఆకుల్ని కాల్చేస్తుంది. తూర్పు బాల్కనీ అయితే మంచిది, కాకపోతే గ్రీన్ నెట్ కట్టమనండి. రోజూ పొద్దున నీళ్ళు పొయ్యాలి, ఊళ్ళు వెళ్తే ఎవరు పోస్తారో ముందే అనుకోమనండి.

వదిన మాట చివరికి ఉంచాను. అమ్మగారు ఫోన్‌లో అలా అన్నారో లేదో మీకూ నాకూ తెలిసే వీలు లేదు. అని ఉండవచ్చు, మొక్కలు పెంచే ఆడవాళ్ళు ‘నీకొక పిలక ఇస్తాలేవే’ అని పదిమందికి అంటారు, మా అమ్మ కూడా అనేది. మొక్క మొత్తం ఇస్తానన్నట్టు వదిన విన్నారు, పిలక ఇస్తానన్నట్టు మీరు వినిపించుకోవచ్చు. ఆమె రెండుసార్లే వచ్చిన సంగతి మాత్రం పెద్ద సంగతి. దాన్ని ఈ కుండీ మీద పెట్టి తేల్చుకోవాలని చూస్తే, ఎంత మంచి వాటా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మాట లోపలే ఉండిపోతుంది. అడగాలనిపిస్తే ‘అమ్మ అలా ఉన్నప్పుడు నువ్వు రాలేదని నాకు కష్టంగా ఉంది వదినా’ అని సంవత్సరీకం పనులు అయ్యాక ఒకసారి విడిగా అడగండి. ఆమె ఏడవచ్చు, ఎదురు తిరగవచ్చు, మీకు తెలియని కారణమేదో చెప్పవచ్చు. అడగకూడదనుకుంటే అదీ మీ ఇష్టమే. రెంటిలో ఏదైనా సరే, వాటా విషయంలో మాత్రం పిలక ఉన్న మంచి ముక్క ఆమెకి పంపండి, కోపంతో వెనక గుంపు అంటగట్టకండి. ఆ పాత కాడల గుంపుకి రోజూ చూసే కళ్ళు కావాలి, అవి మీ దగ్గరే ఉన్నాయి. రెండో మంచి ముక్క కూడా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి మీకు నష్టం లేదు.

చిన్న పని ఒకటి మర్చిపోకండి. కేకీతో సహా అన్ని కుండీలకీ చీటీలు గుచ్చాలి. మార్కర్ పెన్ను వాడకండి, ఎండకి ఆరు నెలల్లో వెలిసిపోతుంది. అమ్మగారి అక్షరాలు ఇన్నేళ్ళయినా చదవగలుగుతున్నారంటే అవి పెన్సిల్‌తో రాసినవి కాబట్టే. పౌడరు డబ్బా ముక్క మీదే, పెన్సిల్‌తోనే, ఎవరిదో, ఏ నెలలో విడదీశారో రాయండి. పైన ‘కడియం, 2009 శ్రావణం’ అని కూడా.